చెవులూ, కొమ్ములూ

"ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి" అన్న సామెత కట్టినవాళ్ళెవరో గాని, తప్పకుండా చెవుల పక్షం వాళ్ళే అయివుంటారు. కొమ్ములకి సామెతలు కట్టుకునే తీరికెక్కడిది? పెద్ద కోడలు పదేళ్ళపాటు కట్టెల పొయ్యి ముందు కళ్ళు నలుపుకుంటూ నిలబెట్టిన వంటింట్లోకి చిన్నకోడలు మిక్సీతో సహా అడుగుపెడుతుంది. ఇక ఆ రోజునుంచీ "మా రోజుల్లో..." అన్న పాట మొదలు. చిన్నావిడకి ఆ పాట వింటే ఒళ్ళు మండుతుంది. మూడో కోడలు కాపురానికి వచ్చేదాకానే సుమండీ! ఆ మర్నాటినుంచీ ఈవిడ నోటా అదే పాట.

ఒక చోటుకి ముందుగా రావడం వల్ల మనిషికి ఏ హక్కు వస్తుంది? వంటింటి తగవులా కనిపిస్తుంది గాని, ఊళ్ళకీ దేశాలకీ కూడా ఇదే తగవు. దీన్ని పట్టుకుని నేను ఇంతగా ఆలోచించడానికి కారణం ఫ్రిస్కో అనే ఊరు. అక్కడ మా చెల్లెలుంది. మూడు నెలలు దాని దగ్గరుండి వచ్చాను.

ఫ్రిస్కో అంటే శాన్‌ఫ్రాన్సిస్కో అనుకునేరు. ఇది టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగరానికి ఉత్తరంగా పాతిక ముప్ఫై మైళ్ళ దూరంలో వున్న శివారు ఊరు. శివారు అన్నాను గాని, ఇప్పుడదే ఒక నగరం. 1910 జనాభా లెక్కల్లో అక్కడున్నది 332 మంది. మా చెల్లెలు గౌన్లు వేసుకుని తిరిగే రోజుల్లో, అంటే 1990లో, 6 వేల పైచిలుకు. 2000లో 33 వేల 7 వందలు. 2010లో లక్షా 17 వేలు. 2020 నాటికి 2 లక్షలు దాటారు. ముప్ఫై ఏళ్ళలో ముప్ఫై రెట్లు! ఆ 2 లక్షల్లో దాదాపు నలుగురిలో ఒకరు ఆసియా మూలాలవాళ్ళు. వాళ్ళలో మన తెలుగువాళ్ళెందరో నేను లెక్కపెట్టలేదు గాని, సాయంత్రం పార్కుకి వెళితే చాలు. నేత చీరల కింద తెల్ల బూట్లు తొడుక్కున్న అత్తగార్లు, మఫ్లరు చుట్టుకున్న మామగార్లు బారులు తీరి నడుస్తూ కనిపిస్తారు. కొట్లో గోంగూర కట్టలు, బీరకాయలు. కార్యసిద్ధి హనుమంతుడి గుడిలో ప్రదక్షిణలు. వీసా కోసం మొక్కుకున్నవాళ్ళు ఇక్కడ చిలుకూరు బాలాజీ చుట్టూ తిరిగినట్టే, గ్రీన్‌కార్డు కావలసినవాళ్ళు అక్కడ ఆంజనేయుడి చుట్టూ తిరుగుతారు. దేవుళ్ళకి కూడా శాఖలు పంచుకోక తప్పలేదు పాపం.

ఆ ఊరి మధ్యనున్న పార్కులో కంచుతో పోతపోసిన పశువుల విగ్రహాలున్నాయి. లాంగ్‌హార్న్ అంటారు వాటిని. పేరుకి తగ్గట్టే ఒక కొమ్ము కొసనుంచి రెండో కొమ్ము కొసకి మనిషి నిలువు పొడుగు వుంటుంది. నాకు సామెత గుర్తొచ్చింది అక్కడే. వెనకొచ్చిన కొమ్ములంటే ఇవేరా బాబూ అనుకున్నాను. తీరా ఊరి చరిత్ర తిరగేస్తే, ఆ కొమ్ములు ముందొచ్చినవో వెనకొచ్చినవో తేల్చడమే కష్టమైంది.

ఆ నేలమీద మొదటినుంచీ తిరుగాడినవాళ్ళు కాడో, విచిటా వంటి ఆదివాసి జాతులు. 1841లో, టెక్సాస్ ఇంకా వేరే దేశంగా వున్న రోజుల్లో, అక్కడి ప్రభుత్వం పీటర్స్ అనే ఆయనకీ ఆయన భాగస్వాములకీ ఒక ఒప్పందం రాసిచ్చింది. బయటినుంచి జనాన్ని తెచ్చి స్థిరపరిస్తే, సంసారికి 640 ఎకరాలు, బ్రహ్మచారికి 320 ఎకరాలు. (పెళ్ళాం విలువ 320 ఎకరాలని తేల్చిన ప్రభుత్వం లోకంలో మరొకటి వుందో లేదో!) ఆ భూమి అంతకుముందు ఎవరిదని ఎవరూ అడగలేదు. అలా వచ్చినవాళ్ళు పట్టుమని పదేళ్ళు గడిచేసరికల్లా పాతకాపులైపోయారు. కంపెనీ వల్ల తమ పట్టాలకి ముప్పొచ్చిందని 1852లో తుపాకులు పట్టుకుని ఏజెంటు ఆఫీసుమీద పడి, ఆయన్ని తరిమికొట్టారు. ఇక అసలు ముందున్న ఆదివాసుల్లో టెక్సాస్‌లో మిగిలిన చాలామందిని 1859లో ఉత్తరానికి, ఇప్పుడు ఓక్లహోమా అంటున్న చోటికి పంపించేశారు. చెవులు అలా వెళ్ళిపోయాయి.

కొమ్ముల కథ కూడా వినండి. ఆ పశువుల ముత్తాతలు స్పెయిన్‌వాళ్ళ ఓడల్లో వచ్చినవి. వాటి సంతతిని ఆ ఊరి మీదుగా షానీ బాట వెంట ఉత్తరాన మిస్సోరీకి తోలుకుపోయి అమ్ముకునేవాళ్ళు. అయితే అవి నడిచిన దారిలో అక్కడి పశువులు జబ్బుచేసి చచ్చిపోయేవి. వీటి ఒంటిమీది పిడుదులతో వచ్చే జ్వరం అది. వీటికి మాత్రం ఏమీ కాదు! అందుకని మిస్సోరీ రైతులు 1850లలోనే కర్రలూ తుపాకులూ పట్టుకుని మందల్ని అడ్డగించారు. వాళ్ళ భయం ఉత్తది కాదు మరి. కొత్తగా వచ్చేవాళ్ళని చూసి భయపడే ప్రతివాడూ దుర్మార్గుడని అనుకోకూడదని ఆ కథ చదివాకే నాకు తట్టింది.

ఆ దగ్గర్లో మొదట వెలసిన ఊరు ఫ్రిస్కో కానేకాదు. లెబనాన్ అని మరోటి. 1902లో రైలు వచ్చింది. ఆవిరి ఇంజన్లకి మధ్యమధ్య నీళ్ళు పట్టాలి. లెబనాన్ ఎత్తుమీద వుండడంతో, నాలుగు మైళ్ళ పడమర పల్లంలో నీళ్ళ చెరువూ స్టేషనూ పెట్టారు. ఇంకేముంది, లెబనాన్‌లో కొందరు తమ ఇళ్ళకి ఇళ్ళే దుంగలమీద దొర్లించుకుంటూ కొత్తచోటికి తరలిపోయారు. మనవాళ్ళు అటకమీది గంగాళాలు కూడా వదల్లేక లారీలో వేసుకుపోతారని నవ్వుతాం గాని, వాళ్ళు ఇంటినే వదల్లేదు చూడండి! ఆ కొత్త ఊరికి మొదట ఎమర్సన్ అని పేరు పెట్టుకుంటే, అలాంటి పేరు మరో ఊరికుందని తపాలా శాఖ ఒప్పుకోలేదు. అప్పుడు సెయింట్ లూయీ–శాన్‌ఫ్రాన్సిస్కో రైలు కంపెనీ పేరులోంచి తోకముక్క తీసుకుని ఫ్రిస్కో అన్నారు. అంటే ఊరు వలసొచ్చినవాళ్ళది, ఇళ్ళు పక్కూరివి, పేరు రైలుది. ఇందులో "మాది" అనడానికి మిగిలిందేమిటి?

ఆ తరువాత డెబ్బై ఎనభై ఏళ్ళు అది పత్తిచేలూ ధాన్యం గాదెలూ వున్న పల్లెటూరే. పక్కనున్న ప్లేనో పట్టణానికి పెద్ద కంపెనీలు చేరడం, డల్లాస్ నుంచి టోల్ రోడ్డు పొడుగు సాగడం, 2000లో స్టోన్‌బ్రయర్ అనే పెద్ద బజారు తెరవడం, ఆ రాష్ట్రంలో జీతాలమీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం, ఇవన్నీ కలిసి జనాన్ని లాక్కొచ్చాయి. 2002 దాకా ఒక్క హైస్కూలున్న ఊళ్ళో 2022కల్లా పన్నెండు వెలిశాయి. లెబనాన్ ఊరు మాయమై, ఒక రోడ్డుకీ ఒక హైస్కూలుకీ పేరుగా మిగిలింది.

మా చెల్లెలు అక్కడికి 2012లో రెండు గదుల అపార్టుమెంటులోకి అద్దెకొచ్చింది. 2017లో అప్పుచేసి ఇల్లు కొనుక్కుంది. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. ఏ ఒక్క దేశం వాళ్ళకీ ఏటా మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నిబంధన వల్ల మనవాళ్ళ వరస కదలదు. కాబట్టి పన్ను కడుతుంది, ఓటు లేదు. పిల్లలు మాత్రం అక్కడ పుట్టిన పౌరులు. ఒక ఇంట్లోనే ఊరిమీద నాలుగు రకాల హక్కులు.

నేనున్న రోజుల్లో ఒకసారి అది కొట్టునుంచి వచ్చి, సంచులు బల్లమీద పెట్టి, మాట్లాడకుండా బియ్యం కడగడం మొదలుపెట్టింది. బియ్యం తెల్లగా తేలిపోయినా కడుగుతూనే వుంది. ఏమిటే అంటే, వరసలో వెనక నిలబడ్డ ఒకావిడ అన్నదట: "మీవాళ్ళొచ్చాక ఈ ఊరు మాది కాకుండా పోయింది" అని. గట్టిగా కూడా అనలేదట. విచారంగా అన్నదట. "తిట్టివుంటే బావుండేదక్కా, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని" అంది.

ఆ తరువాత మూడు వారాలకి, నాలుగిళ్ళవతల వుండే తెలుగావిడ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. మంచి మనిషి. మా చెల్లెలి రెండో కానుపుకి పదిరోజులపాటు పథ్యం వండి పంపింది. వీధి చివర ఖాళీ జాగాలో అద్దె అపార్టుమెంట్లు కడతారట. వద్దని అర్జీ. మా చెల్లెలు సంతకం పెట్టాలి.

"స్కూళ్ళు నిండిపోతాయండీ. రోడ్డుమీద ఇప్పటికే కారు కదలదు. అద్దెకొచ్చేవాళ్ళకి ఊరిమీద ఏం మమకారం వుంటుంది? వీళ్ళంతా వస్తే ఈ ఊరు మనది కాకుండా పోతుంది, మీరు చెప్పండి అక్కయ్యగారూ" అంది నావైపు తిరిగి.

నేనూ మా చెల్లెలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అదే మాట! కొట్లో విన్నది ఇంగ్లీషులో, ఇంట్లో విన్నది తెలుగులో.

"మనం కూడా అపార్టుమెంటులోంచి వచ్చినవాళ్ళమే కదండీ" అంది మా చెల్లెలు మెల్లిగా.

"మనం కష్టపడి వచ్చాం. ముప్ఫై ఏళ్ళ అప్పు నెత్తిమీద వుంది. దాని విలువ పడిపోతే ఎవరిస్తారు?" అంది ఆవిడ. గొంతులో అహంకారం లేదు. భయం వుంది. పిల్లల చదువుకని దాచినదంతా ఆ ఇంట్లోనే వుందని నాకు తరువాత తెలిసింది.

మా చెల్లెలు సంతకం పెట్టలేదు. ఆవిడ కొన్నాళ్ళు మాటలు తగ్గించింది. నేను వచ్చేసేనాటికి మళ్ళీ కరివేపాకు రెబ్బల ఇచ్చిపుచ్చుకోళ్ళు మొదలయ్యాయి గాని, ఆ అర్జీ సంగతి ఇద్దరూ ఎత్తడం లేదు.

ఇద్దరిలో న్యాయం ఎవరిది? నన్నడిగితే, ఊరు మాది అనడానికి మనుషులు మామూలుగా చూపించే రుజువులు రెండు. ముందొచ్చాం అన్నది ఒకటి, డబ్బు పెట్టాం అన్నది రెండోది.

ముందొచ్చాం అంటే చిక్కేమిటో చూశాం కదా. ఎంత వెనక్కి వెళితే అంత ముందొచ్చినవాళ్ళు దొరుకుతారు. చివరికి ఆ హక్కు చెల్లవలసినవాళ్ళు అక్కడ లేకుండానే పోయారు. పైగా ముందొచ్చినవాళ్ళు తలుపులు మూసినప్పుడు ఏమవుతుందో మనకి తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే మన దేశస్థుడికి, తెల్లవాడు కాడన్న కారణం మీద పౌరసత్వానికి అర్హత లేదని తీర్పు చెప్పింది. అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషాయన. 1946లో ఆ తలుపు ఓరగా తెరిచి, భారతీయులకి ఏడాదికి 100 మంది చొప్పున అనుమతిచ్చారు. 1965 చట్టంతో గాని అది సరిగ్గా తెరుచుకోలేదు. ఆ చట్టం కోసం వాదించినవాళ్ళలో మనవాళ్ళని కళ్ళారా చూడనివాళ్ళెందరో వుంటారు. వాళ్ళంతా "ఊరు మనది కాకుండా పోతుంది" అనుకుని వుంటే, ఈ అర్జీ పట్టుకుని మా చెల్లెలి గుమ్మంలోకి రావడానికి ఆ తెలుగావిడే అక్కడ వుండేది కాదు.

డబ్బు పెట్టాం అన్నది ఇంకా బలహీనం. అలా అయితే ఎక్కువ పెట్టినవాడిదే ఎక్కువ ఊరు. ఇల్లు కట్టిన కూలివాడికి అందులో చదరపడుగు కూడా రాదు. ఇంటికి పత్రం వుంటుంది. ఊరికి పత్రం ఎవరి దగ్గరా వుండదు.

ఆవిడ చెప్పిన స్కూళ్ళ సంగతి కూడా వుంది. అది తీసిపారెయ్యవలసిన మాట కాదు. ఏటా కొత్త బడి కట్టుకుంటూ వచ్చిన ఊరికి ఇరుకు అంటే ఏమిటో తెలుసు. కాని అదే ఊళ్ళో ఇప్పుడు పిల్లల సంఖ్య తగ్గుముఖం పట్టింది. 2025లో ఒక మిడిల్ స్కూలు మూసేశారు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పిల్లలు ఎదిగి వెళ్ళిపోయారు, తల్లిదండ్రులు ఆ ఇళ్ళలోనే వుండిపోయారు. చిన్న పిల్లలున్న కొత్త జంటలకి అక్కడి ఇళ్ళ ధరలు అందడం లేదు. బడి నిండిపోతుందని తలుపు వేసుకుంటే, బడే ఖాళీ అవుతుందన్నమాట. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. రోడ్డు వెయ్యకుండా, నీళ్ళు చూసుకోకుండా ఇళ్ళు కట్టనివ్వకండి అనడం న్యాయమే. అద్దెవాళ్ళు వద్దు అనడం వేరు. ఆ రెంటినీ ఒకే కాగితంమీద రాసి సంతకం అడగడమే నాకు నచ్చలేదు.

మరి ఊరు ఎవరిది? జవాబు నాకు మా చెల్లెలి పక్కింటి అమెరికన్ ముసలావిడ దగ్గర కొంత దొరికింది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. 1998లో, ఆ వీధి వేసిన కొత్తల్లో, ఒహాయో నుంచి వచ్చిందట. ఇప్పుడు పెట్రోలు బంకున్న చోట అప్పుడు ఆవులు మేసేవని చెప్పింది. "ఆ ఊరు ఇప్పుడు లేదు" అని నిట్టూర్చింది కూడా.

ఆ నేల మన గుంటూరు వైపు నల్లరేగడి లాంటిదే. వాన పడితే పొంగుతుంది, ఎండకి నోళ్ళు తెరుస్తుంది. అందుకని టెక్సాస్ ఎండల్లో మొక్కలకే కాదు, ఇంటి పునాదికి కూడా నీళ్ళు పెడతారు! నేను నమ్మలేదు మొదట. చిల్లులున్న రబ్బరు గొట్టం ఇంటి చుట్టూ అడుగు దూరంలో పరిచి, సన్నగా నీళ్ళు వదులుతారు. అదైనా నాలుగువైపులా సమంగా తడవాలి. ఒకవైపే తడిస్తే ఆ పక్క నేల ఉబ్బి, గోడలు పగుళ్ళిస్తాయి. మా చెల్లెలు వాళ్ళు ఇంట్లో దిగిన మొదటి వేసవిలో ఈ ముసలావిడ తనంతట తనే తలుపు తట్టి, గొట్టం చేతికిచ్చి, ఎలా పరవాలో వంగి చూపించిందట. ఊరు మారిపోయిందన్న దిగులు ఆవిడకి వుంది. ఆ దిగులు తెచ్చినవాళ్ళలో ఒకరి ఇల్లు పగలకుండా చూడాలన్న బుద్ధీ వుంది.

ముందొచ్చినవాళ్ళ దగ్గర వెనకొచ్చినవాళ్ళ దగ్గర లేనిది ఒకటుంటుంది. అది ఆ చోటు గురించిన తెలివిడి. నేల ఎక్కడ పగులుతుందో, వరద ఎటునుంచి వస్తుందో, ఏ చెట్టు ఎవరు నాటారో. అది దాచుకుంటే కొన్నాళ్ళకి వాళ్ళతోనే పోతుంది. పంచితే ఊరిలో నిలుస్తుంది. అలాగే వెనకొచ్చినవాళ్ళకీ ఒక బాకీ వుంది. మన గుడీ మన కొట్టూ మన బడీ అని మన పక్క నేలకే నీళ్ళు పట్టుకుంటే చాలదు. తమకంటే ముందు అక్కడ ఎవరు బతికారో, ఎవరు వెళ్ళగొట్టబడ్డారో తెలుసుకోవాలి. ఊరి మీటింగుల్లో విసుగుపుట్టించే మురుగుకాలవల చర్చలకి కూడా వెళ్ళి కూర్చోవాలి. మా చెల్లెలు ఓటు లేకపోయినా వెళుతుంది. ఒక్కోసారి కునికిపాట్లు పడుతుందట, అది వేరే సంగతి.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అని పక్కన పెట్టకండి. మన కూకట్‌పల్లి ఒకప్పుడు ఐడీఎల్, ఐడీపీఎల్ ఫ్యాక్టరీల పక్క గ్రామం. హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చింది, జిల్లాల నుంచి జనం వచ్చారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక కుర్రకారు వచ్చారు. 2007లో మహానగరంలో కలిసింది, 2017లో మెట్రో రైలు వచ్చింది. ఇవాళ అక్కడ మేడలు కట్టేది ఒడిశా, బీహారు మనుషులు. ఆ మేడల గేట్లకి "ఫలానావాళ్ళకి మాత్రమే" అన్న బోర్డులు కట్టేది మనం. కులం అడిగి, తిండి అడిగి, పెళ్ళి అయిందా అని అడిగి గాని అద్దెకివ్వం. కొడుకు ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాడని మిఠాయి పంచిన చేత్తోనే ఈశాన్య రాష్ట్రాల పిల్లకి ఇల్లు లేదని తలుపు వేసే ఇళ్ళు నాకు తెలుసు. ఆ కొడుకుని అక్కడ ఎవరైనా అదే మాట అంటే మాత్రం మన కడుపు మండుతుంది.

ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క ఎన్నాళ్ళు వేసినా తెగదు. ఇవాళ్టి కొమ్ములే రేపటికి చెవులు. తెగే పనులు చిన్నవి వున్నాయి. మీ వీధిలోకి ఈ నెల ఎవరో ఒకరు కొత్తగా దిగే వుంటారు. మంజీరా నీళ్ళు ఏ రోజు విడిచి ఏ రోజు వస్తాయో, వానాకాలం ఏ సందు మునుగుతుందో వాళ్ళకి ఎవరైనా చెప్పారా? చెప్పివుండరు. సాయంత్రం ఒకసారి వెళ్ళి చెప్పి రండి.